అణువంత అతుకు

ఉద్దేశం

విద్యుచ్ఛక్తిని నిలవ చేసే కెపాసిటర్ పనితీరును, అందులోని రోధక పదార్థాన్ని మెరుగుపరచడానికి శాస్త్రజ్ఞులు చేస్తున్న కృషిని పరిచయం చేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం. విరుద్ధ స్వభావాలు గల రెండు పదార్థాలు కలిసినప్పుడు, ఆ కలయిక బలం వాటి సరిహద్దుపై ఎట్లా ఆధారపడుతుందో ఇది తెలియజేస్తుంది.

పాఠ్యభాగం

వేసవి రాత్రి. ఇంట్లో దీపం నిండుగా వెలుగుతూనే ఉంటుంది. పంకా మాత్రం రెక్కలు లెక్కపెట్టగలిగినంత నెమ్మదిగా తిరుగుతుంది. కబురు పెడితే వచ్చిన ఎలక్ట్రీషియన్ పంకా పైనున్న కప్పును దించి, అగ్గిపెట్టెంత డబ్బీ నొకదానిని బయటికి తీసి, "కండెన్సర్ పోయింది" అంటాడు. కొత్త డబ్బీ అమర్చగానే పంకా మునుపటి వేగాన్ని అందుకుంటుంది. ఆ డబ్బీకే శాస్త్ర పరిభాషలో కెపాసిటర్ అని పేరు.

పాడైన ఆ డబ్బీలో ఏమి జరిగింది? దానిలో చుట్టచుట్టి ఉంచిన పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆ పొరపై లోహపు పూత ఉంటుంది. పొరలో ఎక్కడైనా బలహీనమైన చోటు ఉంటే విద్యుత్తు అక్కడ చీల్చుకొని పోతుంది. ఆ వేడికి చుట్టూ ఉన్న లోహపు పూత ఆవిరైపోయి, గాయం దానంతట అదే మూసుకుంటుంది. అయితే మానిన ప్రతి గాయమూ కొంత పూతను హరిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ కెపాసిటర్ సామర్థ్యం క్షీణిస్తుంది, పంకా మందగిస్తుంది. పొరలో అధిక భాగం దృఢంగా ఉన్నా, దాని ఆయువును నిర్ణయించేది మాత్రం అత్యల్పమైన బలహీన స్థానమే. ఈ చిన్న సత్యమే శక్తి నిలవ శాస్త్రంలోని ఒక పెద్ద సమస్యకు మూలం.

రెండు ఫలకాల నడుమ

కెపాసిటర్ నిర్మాణం సరళమైనది. రెండు లోహ ఫలకాలు, వాటి నడుమ విద్యుత్తును సాగనివ్వని రోధక పదార్థం ఉంటాయి. ఫలకాలను విద్యుత్ జనకానికి కలిపినప్పుడు ఒకదానిపై ధనావేశం, మరొకదానిపై ఋణావేశం చేరతాయి. ఆ ఆవేశాలు పరస్పరం ఆకర్షించుకుంటాయి. నడుమనున్న రోధకం వాటిని కలవనివ్వదు. కలవాలనే ఆ తహతహయే నిలవ ఉన్న శక్తి.

ఈ సాధనం పుట్టుక పద్దెనిమిదో శతాబ్దం నాటిది. 1745లో పొమరేనియాకు చెందిన క్లైస్ట్, 1746లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరవాసి ముషెన్‌బ్రుక్ వేర్వేరుగా గాజు పాత్రలో విద్యుదావేశాన్ని పట్టి ఉంచగలిగారు. ఆ పాత్ర 'లైడెన్ జాడీ'గా ప్రసిద్ధి కెక్కింది. తరువాత 1837 ప్రాంతంలో మైకేల్ ఫారడే ఒక ముఖ్య విషయాన్ని వెల్లడించాడు. ఫలకాల పరిమాణం, వాటి మధ్య దూరం మారకపోయినా, నడుమనున్న పదార్థాన్ని మారిస్తే నిలవ ఉండే ఆవేశం మారుతుంది. ఆ పదార్థ గుణాన్ని తెలిపే సంఖ్యయే రోధక స్థిరాంకం. శూన్యానికి దీని విలువ 1. పంకా కెపాసిటర్లో వాడే పాలిప్రొపిలీన్ ప్లాస్టిక్‌కు సుమారు 2.2.

బ్యాటరీ ఉండగా కెపాసిటర్ ఎందుకనే సందేహం సహజం. బ్యాటరీ రసాయన చర్యల ద్వారా శక్తిని దాస్తుంది. దాని నిలవ పెద్దది, కాని విడుదల నెమ్మదైనది. కెపాసిటర్లో రసాయన చర్య లేదు. అందువల్ల దాని నిలవ స్వల్పమే అయినా, సెకనులో వేయో వంతులోను, అంతకన్న తక్కువ కాలంలోను దానిని విడుదల చేయగలదు. గుండె లయ తప్పి వ్యర్థంగా అదురుతున్న రోగికి వైద్యులు డీఫిబ్రిలేటర్ అనే యంత్రంతో విద్యుదాఘాతం ఇస్తారు. దానిలోని కెపాసిటర్ కొన్ని సెకనులలో శక్తిని కూడగట్టుకొని, కొన్ని మిల్లీసెకనులలో 150 నుండి 360 జౌళ్ల వరకు ఛాతీలోకి పంపుతుంది. ఆ క్షణంలో కావలసింది పెద్ద నిలవ కాదు, తక్షణమైన విడుదల. విద్యుత్ కారులో బ్యాటరీకి, మోటారుకు నడుమ నిలిచి విద్యుత్తు హెచ్చుతగ్గులను సరిచేసేది కూడా కెపాసిటరే. కాని ఇటువంటి చోట్ల అది ఆక్రమించే స్థలం, మోసే బరువు ఎక్కువ. చిన్న పరిమాణంలో ఎక్కువ శక్తిని ఇమిడ్చే రోధకం కోసం అన్వేషణ సాగుతున్నది ఇందుకే.

అభ్రకం నుండి పింగాణికి

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో రేడియో యంత్రాల కెపాసిటర్లకు అభ్రకం ఉత్తమ రోధకంగా ఉండేది. పలుచని రేకులుగా విడిపోవడం, వేడికి చెడకపోవడం దాని విశిష్ట గుణాలు. నేటి జార్ఖండ్‌లోని కోడెర్మా ప్రాంతమూ, నెల్లూరు సీమలోని గూడూరు పరిసరాలూ అభ్రకపు గనులకు పేరుపొందాయి. అక్కడి రేకులు సముద్రాలు దాటి ఎగుమతి అయ్యేవి.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సముద్ర మార్గాలు ప్రమాదభరితమయ్యాయి. అభ్రకానికి ప్రత్యామ్నాయం అవసరమైంది. ఆ యుద్ధ సంవత్సరాలలోనే అమెరికా, సోవియట్ యూనియన్, జపాన్ దేశాల పరిశోధకులు పరస్పరం తెలియకుండానే బేరియం టైటనేట్ అనే సిరామిక్ పదార్థపు అద్భుత గుణాన్ని కనుగొన్నారు. దాని రోధక స్థిరాంకం వెయ్యిని మించింది.

ఈ గుణానికి కారణం దాని స్ఫటిక నిర్మాణంలో ఉంది. ఘనాకారపు గూటిలో మూలల వద్ద బేరియం, ముఖాల నడుమ ఆక్సిజన్, కేంద్రంలో టైటేనియం ఉంటాయి. సుమారు 120 డిగ్రీల సెల్సియస్‌కు దిగువ ఉష్ణోగ్రతలో టైటేనియం తన కేంద్ర స్థానం నుండి కొద్దిగా పక్కకు జరుగుతుంది. దానితో ప్రతి గూడూ ఒక కొసన ధనావేశం, మరొక కొసన ఋణావేశం గల సూక్ష్మ ద్విధ్రువమవుతుంది. వెలుపలి విద్యుత్ క్షేత్రానికి ఈ ద్విధ్రువాలు గుంపులుగా స్పందిస్తాయి. ఫలకాలపై మరింత ఆవేశం నిలవడానికి ఇదే హేతువు. నేటి సెల్‌ఫోనులో వందల సంఖ్యలో ఉండే సూక్ష్మ కెపాసిటర్లకు ఈ పదార్థమే ఆధారం.

ఉభయుల గుణదోషాలు

రోధక స్థిరాంకం పెద్దదైనంత మాత్రాన శక్తి నిలవ పెద్దది కాదు. నిలవ ఉండే శక్తి రోధక స్థిరాంకానికీ, విద్యుత్ క్షేత్ర తీవ్రత వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. ప్రతి పదార్థానికీ సహన పరిమితి ఒకటి ఉంటుంది. క్షేత్రం ఆ పరిమితిని దాటితే విద్యుత్తు పదార్థాన్ని చీల్చుకొని పోతుంది. దీనినే రోధక భంగం అంటారు.

పాలిప్రొపిలీన్ పొర ఒక మైక్రోమీటరు మందానికి సుమారు 600 వోల్టులను తట్టుకోగలదు. ఈ విలువతో గణిస్తే, దాని స్థిరాంకం 2.2 మాత్రమే అయినా, ఘన సెంటీమీటరుకు దాదాపు 3.5 జౌళ్ల శక్తి ఇముడుతుంది. అయితే ఇది భంగపు అంచున లభించే విలువ. వాడుకలో ఉన్న కెపాసిటర్లను భద్రత కోసం దీనికి చాలా దిగువనే పని చేయిస్తారు. ఇక స్థిరాంకం 1000 గల ఒక సిరామిక్ దిమ్మె మైక్రోమీటరుకు 10 వోల్టుల వద్దే భంగపడుతుందనుకుంటే, దానిలో ఇమిడే శక్తి అర జౌలుకైనా చేరదు. కాల్చి గట్టిపరచిన సిరామిక్ దిమ్మెలో రేణువుల మధ్య సందులు, గాలి బుడగలు మిగిలిపోవడం ఈ బలహీనతకు ముఖ్య కారణం. పైగా అది పెళుసైనది, పెద్ద చుట్టలుగా చుట్టడానికి వీలుకానిది.

ఒకదానికి ఆవేశాన్ని ఆకర్షించే గుణం ఉంది, ఓర్పు లేదు. మరొకదానికి ఓర్పు ఉంది, ఆకర్షణ లేదు. ఈ రెండింటినీ కలిపితే రెండు గుణాలూ ఒకచోట చేరవా? ఈ ఆలోచన నుండే సిరామిక్ నానో రేణువులను పాలిమర్‌లో కలిపిన సంయుక్త పదార్థాలు ఆవిర్భవించాయి.

ఉండకట్టే రేణువులు

ఆలోచన సులభమే, ఆచరణలోనే చిక్కు ఎదురైంది. మరుగుతున్న నీటిలో రాగిపిండిని ఒక్కసారిగా పోస్తే అది జావగా మారదు, ఉండలు కడుతుంది. ఉండ పైభాగం తడిసినా లోపల పొడిపిండి అట్లే ఉంటుంది. పాలిమర్ ద్రావణంలో కలిపిన నానో రేణువులదీ అదే తీరు.

దీనికి కారణం వాటి ఉపరితలం. ఒక సెంటీమీటరు భుజం గల ఘనం మొత్తం ఉపరితల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. అదే ఘనాన్ని 100 నానోమీటర్ల భుజం గల సూక్ష్మ ఘనాలుగా విభజిస్తే, పదార్థం పెరగకపోయినా, మొత్తం ఉపరితలం 60 చదరపు మీటర్లవుతుంది. అంటే దాదాపు 72 చదరపు గజాలు. చెక్కెర బిళ్లంత పదార్థం ఒక చిన్న ఇంటి స్థలమంత ఉపరితలాన్ని పొందుతుంది. ఉపరితలంపై ఉన్న పరమాణువులకు ఒకవైపు తోడు ఉండదు. అందువల్ల రేణువులు ఒకదానినొకటి అంటిపెట్టుకోవడానికి ప్రయత్నిస్తాయి. అంతేకాక బేరియం టైటనేట్ ఉపరితలంపై హైడ్రాక్సిల్ సమూహాలుంటాయి. అవి గాలిలోని తేమను ఆకర్షిస్తాయి. పాలిమరు సాధారణంగా తేమకు విముఖమైనది. నీటిని కోరే రేణువుకూ, నీటికి దూరంగా ఉండే పాలిమరుకూ పొత్తు కుదరదు.

పొత్తు కుదరని చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో గాలి చేరుతుంది. సంయుక్త పదార్థంలో విద్యుత్ క్షేత్రం అంతటా సమంగా ఉండదు. స్థిరాంకం ఎక్కువగా ఉన్న భాగంలో అది తగ్గి, తక్కువగా ఉన్న భాగంలో కేంద్రీకృతమవుతుంది. కనుక క్షేత్ర తీవ్రతలో అధిక భాగం భరించవలసి వచ్చేది రేణువు కాదు, దాని పక్కనున్న పాలిమరు, అంతకుమించి ఆ గాలి బుడగ. పంకా డబ్బీలో వలెనే ఇక్కడా బలహీనమైన చోటనే భంగం మొదలవుతుంది. మిశ్రమం స్థిరాంకం నాలుగు రెట్లు పెరిగి, అది తట్టుకోగల క్షేత్రం సగానికి తగ్గితే, లాభనష్టాలు సరితూగి ఫలితం శూన్యమవుతుంది. తొలినాటి ప్రయత్నాలకు ఎదురైన ప్రధాన అవరోధం ఇదే.

నడుమనున్న పొర

ఇటువంటి చిక్కును అద్దకపు పనివారు ఏనాడో పరిష్కరించుకున్నారు. కలంకారీ వస్త్రంపై ఎరుపు రంగు నేరుగా నిలవదు. మొదట కరక్కాయ రసంలో నానబెట్టిన బట్టపై ఎరుపు కావలసిన చోట పటిక ద్రావణం పూసి, పిదప రంగునీటిలో ఉడికిస్తారు. పటిక ఉన్నచోటనే ఎరుపు స్థిరపడుతుంది. అందులోని అల్యూమినియం ఒక చేత్తో నూలును, మరొక చేత్తో రంగును పట్టుకునే మధ్యవర్తి.

నానో రేణువుకు కూడా అటువంటి మధ్యవర్తి అవసరమని శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఒక కొన సిరామిక్‌ను గట్టిగా పట్టుకోవాలి, మరొక కొన పాలిమరుతో కలిసిపోవాలి. అట్టి అణువులతో రేణువు చుట్టూ తొడుగు వేయడాన్నే ఉపరితల సవరణ అంటారు. గాజునారను ప్లాస్టిక్‌తో కలిపే పరిశ్రమలో సిలేన్ అణువులు ఈ పనిని పూర్వం నుండి చేస్తున్నాయి. బేరియం టైటనేట్‌కు ఏ అణువు సరిపోతుందన్నదే మిగిలిన ప్రశ్న.

అమెరికాలోని జార్జియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జోసెఫ్ పెర్రీ బృందం దీనికి సమాధానం అన్వేషించింది. వారు 2007లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, ఫాస్ఫోనిక్ ఆమ్ల జాతి అణువులు బేరియం టైటనేట్ ఉపరితలాన్ని దృఢంగా పట్టుకుంటాయి. వీటి తలభాగంలోని ఫాస్ఫరస్, ఆక్సిజన్ పరమాణువుల ద్వారా సిరామిక్ ఉపరితలంపైనున్న లోహ పరమాణువులతో బంధం ఏర్పరచుకుంటుంది. తోకభాగాన్ని పాలిమరు స్వభావానికి తగినట్లు ఎంచుకోవచ్చు. ఫ్లోరిన్ గల పాలిమరును వాడినప్పుడు వారు ఫ్లోరిన్ గల తోకనే ఎన్నుకున్నారు. సాటివారితో స్నేహం సులభమన్న లోకరీతి అణువులకూ వర్తించింది.

ఈ తొడుగు మందం ఒక్క అణువంత. అంత పలుచని పొర వల్ల రేణువులు ఉండకట్టడం తగ్గింది. ద్రావణంలో అవి సమంగా పరచుకున్నాయి. ఎండిన పొరలో రంధ్రాలు తగ్గాయి.

సాధించినది - మిగిలినది

అదే బృందం 2009లో ప్రకటించిన మరొక అధ్యయనంలో రేణువుల పాలును క్రమంగా పెంచుతూ ఫలితాలను కొలిచారు. ఘనపరిమాణంలో సగం వరకు రేణువులను చేర్చినప్పుడు మిశ్రమం రోధక స్థిరాంకం గరిష్ఠంగా 35కు చేరింది. ఆ పొర నుండి ఘన సెంటీమీటరుకు 3.2 జౌళ్ల శక్తిని రాబట్టగలిగారు. అయితే రేణువుల పాలు సగాన్ని మించినప్పుడు స్థిరాంకం పెరగడానికి మారుగా తగ్గసాగింది. రేణువుల నడుమ సందులను నింపడానికి పాలిమరు చాలక మళ్లీ రంధ్రాలు ఏర్పడడమే దీనికి కారణం. రేణువులు పెరిగేకొద్దీ పదార్థం తట్టుకోగల క్షేత్రం కూడా తగ్గుతూ వచ్చింది. తొడుగు పొత్తును కుదర్చగలదే గాని హద్దులను చెరిపివేయలేదు.

వెయ్యికి పైబడిన స్థిరాంకం గల పదార్థాన్ని సగపాలు కలిపినా ఫలితం 35 వద్దనే ఆగడం మొదట ఆశ్చర్యం కలిగిస్తుంది. క్షేత్రంలో అధిక భాగం పాలిమరులోనే ఉంటుందన్న సంగతిని స్మరిస్తే ఆ ఆశ్చర్యం తొలగుతుంది. సిరామిక్ శక్తిలో చాలా భాగం ఈ కలయికలో నిద్రాణంగానే ఉండిపోతుంది. కనుకనే తదుపరి పరిశోధనలు పలు మార్గాలు తొక్కాయి. రేణువుకూ పాలిమరుకూ నడుమ మధ్యస్థమైన స్థిరాంకం గల పొరలను చుట్టి, క్షేత్రం ఒక్కసారిగా మారకుండా చూడడం ఒక మార్గం. వేడిని తట్టుకునేట్లు చేయడం మరొక మార్గం. పాలిప్రొపిలీన్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాటితే నమ్మదగినది కాదు. అందువల్ల విద్యుత్ కారులో దానిని చల్లబరచే ఏర్పాటు చేయవలసి వస్తుంది. 2015లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బోరాన్ నైట్రైడ్ నానో పలకలు చేర్చిన పాలిమరు పొర 250 డిగ్రీల వరకు పని చేయగలదని చూపారు.

ప్రయోగశాలలో వేలెడంత పొరను లోపం లేకుండా తయారు చేయడం ఒక ఎత్తు. కర్మాగారంలో కిలోమీటర్ల పొడవున అదే పొరను చుట్టలుగా తీయడం మరొక ఎత్తు. అంత పొడవులో ఒక్క ఉండ మిగిలినా భంగం అక్కడినుండే మొదలవుతుంది. అంతేకాదు, ఈ పదార్థాలు ఎంత మెరుగుపడినా బ్యాటరీ స్థానాన్ని ఆక్రమించలేవు. లిథియం బ్యాటరీ ఘన సెంటీమీటరుకు వెయ్యి జౌళ్లకు మించి దాచగలదు. బ్యాటరీ ధాన్యపు గాదె వంటిదైతే, కెపాసిటర్ చేతికందిన దోసిలి వంటిది. ఆకలి తీర్చడానికి గాదె కావాలి. ఆగిపోతున్న గుండెను మేల్కొల్పడానికి మాత్రం దోసిలే కావాలి. ఆ దోసిలిలో మరికొన్ని గింజలు ఇమిడ్చితే డీఫిబ్రిలేటర్ మరింత తేలికవుతుంది, దానిని మోసుకొని పరుగెత్తేవాడు మరికొంత ముందుగా రోగిని చేరుకుంటాడు.

రెండు శతాబ్దాలకు పైగా రోధక పదార్థాల అన్వేషణ గాజు నుండి అభ్రకానికి, అభ్రకం నుండి సిరామిక్‌కు, ప్లాస్టిక్‌కు సాగింది. అప్పుడెల్లా ఏ పదార్థం గొప్పదన్నదే ప్రశ్న. ఇప్పుడు రెండు పదార్థాలు కలిసే చోట ఏముందన్న ప్రశ్న దానికి తోడైంది. కంటికి కనిపించని ఆ సరిహద్దు బలహీనమైతే ఉత్తమ పదార్థాలు రెండూ వ్యర్థమవుతాయి. అది దృఢమైతే, హద్దులకు లోబడే అయినా, ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తుంది.

కఠిన పదాలు - అర్థాలు

రోధకం = విద్యుత్తును సాగనివ్వని పదార్థం
రోధక భంగం = అధిక విద్యుత్ క్షేత్రం వల్ల రోధకం చీలిపోవడం
ద్విధ్రువం = రెండు కొసల విరుద్ధ ఆవేశాలు గలది
అభ్రకం = కాకిబంగారం, మైకా
అనులోమానుపాతం = ఒకటి పెరిగితే దానికి తగినట్లు మరొకటి పెరగడం
విముఖమైన = ఇష్టపడని, పెడమొగమైన
నిద్రాణం = నిద్రించిన స్థితి, వెలికిరానిది
నానోమీటరు = మీటరులో నూరు కోట్ల వంతు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. సిరామిక్, పాలిమర్ పదార్థాల గుణదోషాలను తెలిపి, వాటిని కలపవలసిన అవసరాన్ని వివరించండి.
2. ఉపరితల సవరణ అంటే ఏమిటి? దాని ప్రయోజనాలను, పరిమితులను చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. పంకా కెపాసిటర్ క్రమంగా సామర్థ్యాన్ని ఎందుకు కోల్పోతుంది?
2. బ్యాటరీకి, కెపాసిటర్‌కు గల భేదమేమి?
3. కలంకారీలో పటిక చేసే పనిని ఫాస్ఫోనిక్ ఆమ్లం చేసే పనితో పోల్చండి.

III. ఏకపద / వాక్య సమాధాన ప్రశ్నలు
1. ముషెన్‌బ్రుక్ ఏ నగరవాసి?
2. నెల్లూరు సీమలో అభ్రకపు గనులకు పేరుపొందిన ప్రాంతమేది?
3. 2009 నాటి అధ్యయనంలో మిశ్రమం గరిష్ఠ రోధక స్థిరాంకం ఎంత?

IV. సంధులు
1. విద్యుచ్ఛక్తి = విద్యుత్ + శక్తి - శ్చుత్వ సంధి
2. ఉష్ణోగ్రత = ఉష్ణ + ఉగ్రత - గుణ సంధి
3. అత్యల్పము = అతి + అల్పము - యణాదేశ సంధి
4. పరమాణువు = పరమ + అణువు - సవర్ణదీర్ఘ సంధి

V. సమాసాలు
1. లాభనష్టాలు - లాభమును, నష్టమును - ద్వంద్వ సమాసం
2. రెండు ఫలకాలు - రెండు సంఖ్య గల ఫలకాలు - ద్విగు సమాసం
3. పలుచని పొర - పలుచనైన పొర - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
4. విద్యుత్ జనకం - విద్యుత్తు యొక్క జనకం - షష్ఠీ తత్పురుష సమాసం